రాయి తీసేశారు సరే, నొప్పి సంగతేమిటి?

మత్తు దిగాక చాలామంది ముందు నీళ్లు అడుగుతారు. ఆయన రాయి గురించి అడిగారు. "వచ్చేసిందా సిస్టర్?" గొంతు ఇంకా సరిగ్గా పెగలడం లేదు. "వచ్చేసిందండి, మొత్తం వచ్చేసింది" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని చెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు. మూడోసారి ఆ బల్ల ఎక్కిన మనిషికి ఆ మాట చెప్పగలిగినందుకు ఆ సాయంత్రమంతా నా మనసు తేలిగ్గా ఉంది.

రెండు నెలల తరువాత మళ్లీ వచ్చారు. ఇంకా చిక్కిపోయారు. స్కాన్‌లో క్లోమ నాళం (క్లోమం, అంటే పాంక్రియాస్, తన జీర్ణరసాన్ని పేగులోకి పంపే గొట్టం) శుభ్రంగా కనిపిస్తోంది, ఒక్క తెల్ల చుక్క కూడా లేదు. నన్ను గుర్తుపట్టి, భార్య వినకుండా గొంతు తగ్గించి అడిగారు: "రాయి పోయింది కదా సిస్టర్, మరి నొప్పి ఎందుకు పోలేదు?"

నాకు జవాబు తోచలేదు. ఎండోస్కోపీ గదిలో నర్సుగా అప్పటికే నాకు తొమ్మిదేళ్లు. ఆ రోజు ఇంటికి వెళ్లేముందు మా రిజిస్టరు తెరిచి ఆయన పేజీ చూశాను. రాయి ఎక్కడ ఉంది, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ పరికరం వాడాం, పూర్తిగా వచ్చిందా లేదా: ఈ నాలుగు గడులూ నా చేతిరాతతోనే నిండి ఉన్నాయి. నొప్పి గురించి గడే లేదు. ఆయన మా దగ్గరకు వచ్చిందే నొప్పి కోసం. ఆ ఒక్క విషయం తప్ప మిగతావన్నీ రాసుకున్నాం.

ఈ వ్యాసం ఆ లేని గడి గురించి. క్లోమ నాళంలోంచి రాళ్లు తీసే పద్ధతులు ఎంత ముందుకు వెళ్లాయో రోజూ నా చేతులతో చూస్తున్నాను. వాటి మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ శుభ్రమైన ఎక్స్‌రే చూసి పని అయిపోయిందనుకోవడం తప్పని, ఆ తప్పును రోగి తన ఒంటితో మోస్తున్నాడని నా గట్టి నమ్మకం.

ముందు ఈ పని ఎలా జరుగుతుందో చెప్పాలి. నోటి గుండా ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం) దాకా పంపే ఎండోస్కోపు గొట్టానికి కన్ను ముందువైపు కాక పక్కకు ఉంటుంది. చేరవలసిన ద్వారం పేగు గోడ మీద ఉండడమే దానికి కారణం. పాపిల్లా అనే ఆ చిన్న ఉబ్బు దగ్గరే సాధారణంగా పిత్త నాళం, క్లోమ నాళం రెండూ తెరుచుకుంటాయి. డాక్టర్ గొట్టాన్ని దాని ఎదుట నిలబెడతారు. తీగ నా చేతిలో ఉంటుంది.

ఆ తీగ మందం 0.025 అంగుళాలు, అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. తడిస్తే కొన జారుడుగా మారుతుంది. నాళంలో సాఫీగా పోతున్నంతసేపు అది చేతిలో ఉన్నట్టే అనిపించదు. రాయి తగలగానే వేళ్ల మధ్య ఒక్కసారిగా బరువెక్కుతుంది. అప్పుడు నెట్టకూడదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మెల్లగా తిప్పుతూ, వెంట్రుకవాసి వెనక్కి లాగి మళ్లీ తిప్పుతూ, రాయికీ గోడకూ మధ్య సందు ఎక్కడుందో వెతకాలి. ఒక్కోసారి ఐదు నిమిషాలు, ఒక్కోసారి నలభై. తెర మీద తీగ కొన రాయి పక్కగా జారి అవతలి నాళంలోకి సాగిపోగానే గదిలో అందరి భుజాలూ ఒకేసారి దిగుతాయి. ఆ తీగ దాటకపోతే తరువాతి పని ఏదీ లేదు. మిగిలిన పరికరాలన్నీ దాని మీదుగానే పోవాలి.

ఆపైన ద్వారం దగ్గరి కండరాన్ని విద్యుత్ తీగతో కొద్దిగా కోసి దారి వెడల్పు చేస్తారు. ఇరుకు ఉంటే చిన్న బెలూన్‌తో సాగదీస్తారు. రాయి చిన్నదైతే, అటూ ఇటూ కదులుతుంటే, నాలుగు సన్నని తీగల బుట్టను నాళంలో విప్పి రాయిని అందులో చిక్కించి బయటికి లాగుతారు. లేదా రాయి అవతల బెలూన్ ఉబ్బించి ఊడ్చినట్టు కిందికి తెస్తారు. పిత్త నాళంలో రాళ్లను తీసేది కూడా దాదాపు ఇవే పరికరాలతో. అసలు పొరపాటు ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. పరికరాలు ఒకటే కాబట్టి పని కూడా ఒకటే అనిపిస్తుంది.

పిత్త నాళంలోని రాయి చాలావరకు మెత్తనిది, బుట్ట తీగల మధ్య నలుగుతుంది. నాళం కూడా వెడల్పు, తిన్నన. క్లోమ నాళం ఆరోగ్యంగా ఉన్నప్పుడు క్లోమం తలభాగంలో (పేగును ఆనుకున్న వెడల్పాటి కొస) సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది, తోక దగ్గరికి వచ్చేసరికి ఒకటో రెండో. దాని దారి వంకరలు తిరుగుతుంది, పక్క కొమ్మలు బోలెడు. అందులోని రాయి దాదాపు పూర్తిగా కాల్షియం కార్బొనేట్. క్లోమ రసంలోని ప్రొటీన్ ముందు చిన్న బిరడాలుగా గడ్డకడుతుంది, ఏళ్ల తరబడి కాల్షియం దాని మీద పేరుకుంటుంది. అందుకే ఆ రాయి నున్నగా ఉండదు, ముళ్లు ముళ్లుగా ఉంటుంది. ఒకసారి బయటికి వచ్చిన తునకను గాజుగుడ్డ మీద పెట్టి వేలితో నొక్కి చూశాను, చేతి తొడుగు చిరిగింది. అలాంటిది ఇరుకు దారిలో గోడకు పాతుకుపోయి కూర్చుంటే బుట్టతో లాగడం ఎంత ప్రమాదమో ఆ తునక చూశాకే నాకు నిజంగా అర్థమైంది.

ఈ నాళం మొదటి నుంచీ తన సంగతి సులువుగా చెప్పింది కాదు. 1642లో ఇటలీలోని పాదువాలో జోహాన్ గేయార్గ్ విర్సుంగ్ దీన్ని శవపరీక్షలో గుర్తించి, రాగి పలక మీద బొమ్మ చెక్కాడు. ఆ బొమ్మ అచ్చులు వేరే ఊళ్లలోని శరీర శాస్త్రజ్ఞులకు పంపి, ఇది చేసే పని ఏమిటని అడిగాడు. జవాబు తేలకముందే, మరుసటి ఏడాది, హత్యకు గురయ్యాడు. కత్తి పెట్టకుండా దీని ద్వారం దాకా వెళ్లగలగడానికి మూడు శతాబ్దాలు దాటాయి. 1968లో అమెరికాలో మెక్యూన్ బృందం ఎండోస్కోపుతో పాపిల్లాలోకి సన్నని గొట్టం పంపింది. 1974లో జపాన్‌లో కవాయ్, జర్మనీలో క్లాసెన్ బృందాలు ఆ కండరాన్ని లోపలి నుంచే కోసి చూపించాయి. ఇప్పుడు మనం చేసేదంతా ఆ రెండు అడుగుల తరువాతి నడకే.

నేను కళ్లారా చూసిన ఒక సంఘటన చెబుతాను. తలభాగంలో 9 మిల్లీమీటర్ల రాయి. ముందుగా షాక్ తరంగాలతో, అంటే శరీరం బయటి నుంచి పంపే బలమైన ఒత్తిడి అలలతో, పగలగొట్టించాలని చర్చ వచ్చింది. కానీ తీగ దాటింది, బుట్ట కూడా విచ్చుకుంది. రాయి బుట్టలో పడగానే అందరం ఉత్సాహపడ్డాం. లాగితే రాలేదు. వదిలిపెడదామంటే రాయి తీగల్లోంచి ఊడలేదు. ముందుకూ పోదు, వెనక్కూ రాదు. బుట్ట పిడిని కోసేసి, దాని మీదుగా ఇనుప తొడుగు పంపి, మర తిప్పి రాయిని నలిపే పద్ధతి ఒకటి ఉంది. పిత్త నాళంలో అది చాలాసార్లు ఆదుకుంటుంది. మర నేనే తిప్పాను. ఒక్కో చుట్టుకూ మర బిగుసుకుంటోంది. నాలుగో చుట్టులో టక్కున శబ్దం. తెగింది తీగ, రాయి అలాగే ఉంది. బుట్ట ముక్క లోపలే ఉండిపోయిన రోగిని వార్డుకు పంపవలసి వచ్చింది. చివరికి షాక్ తరంగాలతో రాయిని బయటి నుంచి పగలగొట్టాకే ఆ బుట్ట వదిలింది. మొదట చేయవలసిన పనిని నాలుగు రోజులు ఆలస్యంగా, ఒక మనిషిని అంత భయపెట్టి చేశాం. ఆ టక్కు శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అందుకే వరుస ముఖ్యమంటాను. ఐరోపా జీర్ణకోశ ఎండోస్కోపీ సంఘం 2018లో సవరించిన మార్గదర్శకాలు ఇదే స్పష్టంగా చెప్పాయి. ప్రధాన నాళాన్ని అడ్డుకుంటూ తలలోనో మధ్యభాగంలోనో ఉన్న రాయి 5 మిల్లీమీటర్లు మించి, ఎక్స్‌రేలో కనిపించేదైతే ముందు షాక్ తరంగాలు. అంతకంటే చిన్నదైతే, లేదా ఎక్స్‌రేకు దొరకనిదైతే ఎండోస్కోపు. ఆ 5 ఊరికే పెట్టిన అంకె కాదు. రాయి నాళం కంటే పెద్దదైతే అది వచ్చే దారే లేదన్న చిన్న లెక్క దాని వెనుక ఉంది.

షాక్ తరంగాల చికిత్స మూత్రపిండాల రాళ్ల కోసం పుట్టింది. 1980లో మ్యూనిక్‌లో మొదటి రోగికి వాడారు. క్లోమ రాయి మీద వాడినట్టు 1987లో ఆ నగరం వైద్యులే ప్రచురించారు. ఎక్స్‌రేతో రాయిని గురిచూసి, చర్మం కోయకుండా, ఒక్కో విడతకు కొన్ని వేల తరంగాలు పంపుతారు. ఒక్కసారికి కాకపోతే రెండు, మూడు విడతలు. తునకలు 3 మిల్లీమీటర్ల కంటే చిన్నవయ్యే దాకా. తెల్లగా మెరిసే గట్టి ముద్ద తెర మీద మసకబారి, మేఘంలా చెదరడం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. చూపరులకు ఎండోస్కోపులో కనిపించే చాకచక్యం ఇందులో కనిపించదు, దానికి దక్కే మెప్పు కూడా తక్కువే. అయినా పెద్ద రాళ్ల విషయంలో అసలు బరువు మోసేది ఇదే.

అంతేకాదు. 2007లో గట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 55 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు షాక్ తరంగాలు మాత్రమే, మరో జట్టుకు వాటితో పాటు ఎండోస్కోపీ. రెండేళ్లు గడిచాక నొప్పి తిరగబెట్టినవారు మొదటి జట్టులో 38 శాతం, రెండో జట్టులో 45 శాతం. ఎండోస్కోపు కలిపినందుకు నొప్పి విషయంలో ఒరిగిందేమీ లేదు, ఖర్చు మాత్రం పెరిగింది. ఎండోస్కోపీ గదిలో జీతం తీసుకునే నేను ఈ మాట రాయడం కొందరికి వింతగా అనిపించవచ్చు. నా పని మీద గౌరవం ఉంది కాబట్టే రాస్తున్నాను. తునకలు వాటంతట అవే రాలిపోయే మనిషికి మరోసారి మత్తు, మరోసారి గొట్టం, మరోసారి ప్రమాదం ఎందుకు? నాళంలో ఇరుకు ఉన్నప్పుడు, తునకలు బయటికి రాలేనప్పుడు ఎండోస్కోపు తప్పనిసరి. ఆ తేడా చూసి నిర్ణయించాలి.

షాక్ తరంగాలకు లొంగని రాళ్లకు ఇప్పుడు మరో దారి ఉంది. పెద్ద గొట్టం లోపలి నుంచి 3.5 మిల్లీమీటర్ల మందమున్న చిన్న ఎండోస్కోపును నాళంలోకే పంపి, రాయిని కంటితో చూస్తూ పగలగొట్టడం. సెలైన్‌తో నింపిన నాళంలో విద్యుత్ మెరుపు పుట్టించి ఆ అదురుతో పగలగొట్టవచ్చు, లేదా లేజర్ దారాన్ని రాయికి ఆనించి కాల్చవచ్చు. మొదటిసారి ఆ తెర మీద రాయిని నేరుగా చూసినప్పుడు నోట మాట రాలేదు. అన్నేళ్లూ నీడగానే తెలిసిన వస్తువు తెల్లని పగడపు దిబ్బలా ఎదుట నిలిచింది. అయితే నాళం బాగా ఉబ్బి ఉంటేనే ఆ ఎండోస్కోపు పడుతుంది. చూపు బాగుంది కదా అని ప్రతి నాళంలోకీ అది దూరదు.

ఇరుకు సంగతికి వస్తే, రాయి పోయాక కూడా అది మిగిలితే ప్లాస్టిక్ స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం) పెట్టి, మూసుకుపోకముందే మారుస్తూ ఏడాది దాకా ఉంచుతారు. ప్రతి మార్పిడీ ఒక రోజు పని మానుకోవడం, ఒక రాత్రి ఉపవాసం, ఇంట్లో ఒకరు తోడు రావడం. స్టెంట్ ఉన్న సంగతి మరిచిపోయి రెండేళ్లకు జ్వరంతో వచ్చినవారిని చూశాను. తప్పు వాళ్లదని నేను అనను. మార్చాల్సిన తేదీని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చేతికి ఇవ్వనిది మనం.

ఇక ఆయన అడిగిన ప్రశ్న దగ్గరకు వస్తాను. రాయి పోతే నొప్పి ఎందుకు పోదు?

క్లోమం నొప్పికి మనందరం నమ్మే కథ ఒకటుంది. నాళం మూసుకుపోయింది, రసం వెనక్కి తన్నింది, ఒత్తిడి పెరిగింది, నొప్పి వచ్చింది. అడ్డు తీస్తే నొప్పి పోతుంది. కథ అబద్ధం కాదు, సగం నిజం. ఏళ్ల తరబడి వాపుతో కాలుతున్న క్లోమం (ఈ జబ్బు పేరే దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్) చుట్టూ నరాలు కూడా వాస్తాయి, మందమవుతాయి. ఆ సంకేతాలు ఆగకుండా అందుకున్న వెన్నుపాము, మెదడు నొప్పిని అలవాటుగా మార్చుకుంటాయి. ఆపైన చిన్న కదలికకు కూడా పెద్ద నొప్పి పుడుతుంది. అప్పుడు నాళం ఎంత శుభ్రం చేసినా, గంట మోగించిన చెయ్యి ఆగింది కానీ గంట ఇంకా మోగుతూనే ఉంటుంది. బలమైన నొప్పి మాత్రలు ఎంతకాలంగా వాడుతున్నారన్నది అందుకే రాయి పరిమాణమంత ముఖ్యమైన అంకె.

దీన్ని నిజాయితీగా పరీక్షించిన అధ్యయనం 2024లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చింది. 106 మంది రోగులు. కొందరికి నిజమైన షాక్ తరంగాలు, ఎండోస్కోపీ. మిగిలినవారికి అన్నీ చేసినట్టే ఉండే ఉత్తుత్తి చికిత్స. ఎవరికి ఏది జరిగిందో రోగికి తెలియదు. 12 వారాలకు రెండు జట్ల మధ్య తేడా సున్నా నుంచి పది దాకా ఉండే నొప్పి కొలమానం మీద 0.7. 24 వారాలకు ఆ తేడా కూడా నిలవలేదు. నొప్పి లేని రోజులు కొన్ని పెరిగాయి, నల్లమందు జాతి మాత్రలు వాడిన రోజులు కొన్ని తగ్గాయి. అవి చిన్న లాభాలని తీసిపారేయను. నొప్పి లేని ఒక్క రోజు విలువ ఏమిటో ఆ రోగి భార్యను అడిగితే చెబుతుంది. కానీ "రాయి తీస్తే తగ్గిపోతుంది" అని మనం వాడే మాటకు ఈ అంకెలకూ మధ్య చాలా దూరం ఉంది.

ఆపరేషన్‌తో పోల్చిన అధ్యయనాలు ఇంకా గట్టిగా మాట్లాడతాయి. 2007లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన దానిలో 39 మందే ఉన్నారు. రెండేళ్లకు నొప్పి తగ్గినవారు ఎండోస్కోపీ జట్టులో 32 శాతం, శస్త్రచికిత్స జట్టులో 75 శాతం. 2020లో జామా పత్రికలో వచ్చిన 88 మంది అధ్యయనంలో కూడా ముందే ఆపరేషన్ చేయించుకున్నవారికే సగటు నొప్పి తక్కువ.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు, రోజూ వింటాను. కడుపు కోయడం చిన్న విషయం కాదు. గుండె బలహీనంగా ఉన్నవారికి, మరీ చిక్కిపోయినవారికి అది పనికిరాదు. ఎండోస్కోపు తరువాత ఆపరేషన్‌కు దారి మూసుకుపోదు కదా, ముందు సులువైనది చేసి చూద్దాం. ఈ వాదనలో న్యాయం ఉంది. తలభాగంలో ఒకే రాయి, దాని వెనుక ఉబ్బిన నాళం, నొప్పి మొదలై ఎక్కువ కాలం కానివారు ఎండోస్కోపుతో తేలికపడి ఇంటికి వెళ్లడం నేను ఎన్నోసార్లు చూశాను. వాళ్లలో కొందరు నాకు ఇప్పటికీ పండగలకు ఫోను చేస్తారు. నా అభ్యంతరమల్లా "చేసి చూద్దాం" అన్న మాటకు ముగింపు తేదీ లేకపోవడం మీద. ఒక విడత, మరో విడత, స్టెంట్, స్టెంట్ మార్పిడి, మళ్లీ రాయి. ఎవరూ నిర్ణయించకుండానే మూడేళ్లు గడిచిపోతాయి. ఈలోపు మాత్రలు పెరుగుతాయి, నరాలు నొప్పికి అలవాటు పడతాయి, ఆపరేషన్ వల్ల కలగాల్సిన మేలు కూడా తరిగిపోతుంది. ఐరోపా మార్గదర్శకాల్లో దీనికి సమాధానం ఉంది: చికిత్స తరువాత 6 నుంచి 8 వారాలకు ఫలితం చూడాలి, తృప్తిగా లేకపోతే సర్జన్‌తో సహా అందరూ కూర్చుని మళ్లీ ఆలోచించాలి. నా అనుభవంలో ఆ మార్గదర్శకాలన్నింటిలో ఎక్కువగా మరుగున పడేది ఈ వాక్యమే.

పొగ, మద్యం గురించి కూడా ఒక మాట. అవి మానకపోతే వ్యాధి ముందుకే పోతుంది, రాళ్లు మళ్లీ కడతాయి. ఈ సంగతిని మనం ఇంటికి పంపేటప్పుడు వాకిట్లో నిలబడి అర నిమిషంలో చెబుతాం. తీగ దాటించడానికి వెచ్చించిన నలభై నిమిషాల్లో పది నిమిషాలు దీనికి ఇచ్చినా బాగుండేది. అలాగని మద్యం ముట్టనివారికి కూడా ఈ జబ్బు వస్తుందన్నది మరవకూడదు. చుట్టాల ముందు తాగుబోతు అన్న ముద్ర మోసిన ఒక ఉపాధ్యాయురాలు నా ఎదుట ఏడ్చింది. ఆమె జీవితంలో ఒక్క చుక్క తాగలేదు.

నన్ను ప్రశ్న అడిగిన ఆయనకు చివరికి ఆపరేషన్ జరిగింది. నాళాన్ని పొడవునా తెరిచి పేగుకు కలిపి కుట్టారు. నొప్పి పూర్తిగా పోలేదు. రాత్రి నిద్ర పడుతోందని, భోజనంతో పాటు ఎంజైమ్ మాత్రలు వేసుకుంటే బరువు నిలబడుతోందని చెప్పారు. "ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే బాగుండేది సిస్టర్" అన్నారు. కోపంగా అనలేదు. నేను తల వంచుకున్నాను.

ఆ తరువాత మా రిజిస్టరులో నాలుగో గడి పక్కన నేనే స్కేలు పెట్టి రెండు గీతలు గీశాను. మొదట్లో కొందరు అది నర్సు పని కాదన్నారు, తరువాత వాళ్లే నింపడం మొదలుపెట్టారు. రేపటి జాబితాలో రెండో పేరు ఒక 34 ఏళ్ల యువకుడిది. తలభాగంలో 8 మిల్లీమీటర్ల రాయి, వెనుక నాళం ఉబ్బింది, షాక్ తరంగాలు రెండు విడతలు అయ్యాయి. సర్జన్‌తో కూడా ముందే మాట్లాడించాం. మొదటి గీత కింద ఈ సాయంత్రం అతన్ని అడిగి రాశాను: నొప్పి, పదికి ఏడు. రెండో గీత కింద ఎనిమిదో వారం తేదీ ఉంది. దాని పక్కన గడి ఖాళీగా ఉంది.